డ్రాప్స్ లెక్కను బట్టి రిసీవర్లను పోల్చవచ్చునా?

ప్రశ్న — ఫ్రిస్కో వాసి

అందరికీ నమస్కారం. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ 2025 సీజన్ మొదటి మ్యాచ్ నాటి నుంచి మా డాలస్ మిత్రబృందంలో ఒక వాదన తెగడం లేదు. సెప్టెంబరు 4న ఫిలడెల్ఫియాలో మా డాలస్ కౌబాయ్స్ జట్టు అక్కడి ఈగిల్స్ చేతిలో 24–20 తేడాతో ఓడిపోయింది. ఆ రోజు మా రిసీవర్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ నుంచి పాస్‌లు అందుకునే ఆటగాడు) సీడీ ల్యాంబ్ ఏడు క్యాచ్‌లతో 110 యార్డులు సంపాదించినప్పటికీ, ఎవరూ ఆ 110 యార్డుల గురించి మాట్లాడలేదు; అతడి చేతులకు తగిలి జారిపోయిన బంతుల, అంటే డ్రాప్స్ గురించే మాట్లాడుకున్నారు.

మా మిత్రులలో ఒకరు అంతటితో ఆగకుండా, రిసీవర్ అన్నవాడి మొదటి పని బంతిని పట్టుకోవడమే కాబట్టి ఎవరు ఎన్ని బంతులు వదిలేశారన్నదే అసలైన కొలమానమని వాదించి, అందరి డ్రాప్స్‌నూ తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి ఒక జాబితా తయారు చేశారు. 2023లో 135 క్యాచ్‌లతో లీగ్ మొత్తానికే మొదటి స్థానంలో నిలిచిన ల్యాంబ్ ఆ జాబితాలో బాగా కింద ఉన్నాడు. వారానికి రెండు మూడు బంతులు మాత్రమే వచ్చే మూడో రిసీవర్లు, నాలుగో రిసీవర్లు పైన దర్జాగా కూర్చున్నారు. ఇది సరికాదని నాకు తోస్తున్నది గానీ, ఎక్కడ సరికాదో ఆయనకు నచ్చేలా చెప్పలేకపోతున్నాను. పైగా ఒకే ఆటగాడికి ఒకే ఏడాదిలో ఒక్కొక్క చోట ఒక్కొక్క సంఖ్య కనిపిస్తున్నది. యార్డులు, టచ్‌డౌన్లు అన్నిచోట్లా ఒకేలా ఉన్నప్పుడు ఇవి మాత్రం ఎందుకు మారుతున్నాయి? డ్రాప్స్‌ను బట్టి ఇద్దరు రిసీవర్లను న్యాయంగా పోల్చే పద్ధతి ఏదైనా ఉన్నదా? తెలిసినవారు వివరంగా రాయగలరని ప్రార్థన.


సమాధానం — గణాంకాల గుమస్తా

ఫ్రిస్కో వాసి గారూ, మీ ప్రశ్నలో రెండో భాగానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి భాగం దాని మీదే ఆధారపడి ఉన్నది. ఎన్‌ఎఫ్‌ఎల్ అధికారిక గణాంకాలలో డ్రాప్ అనే పద్దు లేదు. పాస్ వేశారు, అది ఫలానా ఆటగాడి కోసం వేశారు, పూర్తి కాలేదు అన్నంత వరకే అధికారికంగా నమోదవుతుంది. అది క్వార్టర్‌బ్యాక్ గురి తప్పడం వల్ల పూర్తి కాలేదా, డిఫెండర్ చెయ్యి అడ్డుపెట్టడం వల్లనా, లేక రిసీవర్ చేజార్చడం వల్లనా అన్నది ప్రో ఫుట్‌బాల్ ఫోకస్, స్పోర్ట్స్ ఇన్ఫో సొల్యూషన్స్, ఈఎస్‌పీఎన్ వంటి సంస్థలలో పనిచేసేవారు వీడియోను వెనక్కీ ముందుకీ తిప్పి చూసి ఇచ్చే తీర్పు. మామూలు ప్రయత్నంతో పట్టుకోదగిన బంతిని వదిలేస్తేనే డ్రాప్ అన్న అర్థంలోనే అందరూ మొదలుపెడతారు. అయితే ఆ మామూలు ప్రయత్నం ఎక్కడ ముగుస్తుందో ఒక్కొక్కరు ఒక్కొక్క చోట గీత గీస్తారు. అందుకే సంఖ్యలు మారుతున్నాయి.

ఆ గీత ఎంత సన్ననిదో చూడాలంటే 2012 జనవరి 22న జరిగిన ఏఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌ను (సూపర్ బౌల్ అనే ఫైనల్‌కు చేర్చే సెమీఫైనల్ వంటిది) గుర్తు తెచ్చుకోండి. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద బాల్టిమోర్ రేవెన్స్ మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు, ఆట చివరి అరనిమిషంలో ఉన్నది. రేవెన్స్ క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో విసిరిన బంతి ఎండ్‌జోన్‌లో (మైదానం చివర, బంతి పట్టుకుంటే టచ్‌డౌన్ వచ్చే చోట) లీ ఎవాన్స్ రెండు చేతుల్లోకీ వచ్చింది. అతడు దాన్ని దేహానికి హత్తుకునేలోగా పేట్రియట్స్ డిఫెండర్ స్టెర్లింగ్ మూర్ చేత్తో కొట్టి రాలగొట్టాడు. బాల్టిమోర్ అభిమానిని అడిగితే అది క్షమించరాని డ్రాప్. న్యూ ఇంగ్లండ్ అభిమానిని అడిగితే ఆ సీజన్ మొత్తానికీ గొప్ప డిఫెన్స్. లెక్క రాసేవాడు ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. అటువంటి బంతులు ఒక సీజన్‌లో ఒక రిసీవర్‌కు మూడు వచ్చాయనుకోండి, ఒకరి లెక్కలో ఐదు డ్రాప్స్ ఉన్నవాడికి మరొకరి లెక్కలో ఎనిమిది ఉంటాయి.

ఇక మీ మిత్రుని జాబితా గురించి. మొత్తం సంఖ్యను పోల్చడం తప్పని వేరే చెప్పనక్కరలేదు. ఎక్కువ బంతులు వచ్చేవాడికే ఎక్కువ జారుతాయి. కాబట్టి శాతం చూడాలంటారు, కానీ దేనిలో శాతమన్నది అసలు చిక్కు. కొందరు డ్రాప్స్‌ను టార్గెట్లతో (అతడి కోసం వేసిన పాస్‌ల మొత్తంతో) భాగిస్తారు. కొందరు క్యాచ్‌లు, డ్రాప్స్ కలిపి ఆ మొత్తంతో భాగిస్తారు. ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం: ఒకడికి 140 టార్గెట్లు, 100 క్యాచ్‌లు, 8 డ్రాప్స్. మరొకడికి 100 టార్గెట్లు, 50 క్యాచ్‌లు, 5 డ్రాప్స్. మొదటి పద్ధతిలో మొదటివాడిది 5.7 శాతం, రెండోవాడిది 5 శాతం కనుక రెండోవాడి చేతులు మెరుగు. రెండో పద్ధతిలో మొదటివాడిది 7.4 శాతం, రెండోవాడిది 9.1 శాతం కనుక మొదటివాడి చేతులు మెరుగు. ఆటగాళ్లూ మారలేదు, బంతులూ మారలేదు. వరుస మాత్రం తలకిందులైంది. రెండోవాడికి వచ్చిన 100 బంతుల్లో దాదాపు సగం అసలు అందుకునే వీలు లేనివి కాబట్టి, వాటిని భాజకంలో కలపడం వల్ల అతడికి అనవసరమైన మేలు జరుగుతున్నది. నా మట్టుకు నేను రెండో పద్ధతినే నమ్ముతాను.

ఇదే కారణం చేత, వచ్చిన బంతుల్లో ఎన్ని పట్టాడన్న క్యాచ్ శాతాన్ని చేతుల నాణ్యతగా భావించడం కూడా పొరపాటే. 2012లో అరిజోనా రిసీవర్ లారీ ఫిట్జ్‌జెరాల్డ్‌కు 156 టార్గెట్లు వస్తే 71 మాత్రమే క్యాచ్‌లయ్యాయి. అంటే సగం కూడా లేవు. ఆ ఏడాది అరిజోనా క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడైన రయన్ లిండ్లీ ఒక్క టచ్‌డౌన్ పాస్ కూడా వేయకుండా ఏడు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టేసుకున్న పాస్‌లు) వేశాడు. ఈ ఆటలో అందరికంటే నమ్మకమైన చేతులు ఎవరివని అడిగితే చాలామంది చెప్పే పేర్లలో ఫిట్జ్‌జెరాల్డ్ పేరు ముందుంటుంది. బంతి చేతుల దాకా రాకపోతే చేతులేం చేస్తాయి?


సమాధానం — హైస్కూలు రిసీవర్ తండ్రి

గుమస్తా గారు లెక్కల సంగతి చెప్పారు కాబట్టి, బంతి ఎందుకు జారుతుందన్న సంగతి నేను రాస్తాను. మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లో హైస్కూలు జట్టులో రిసీవర్. ప్రాక్టీసులకు తీసుకువెళ్లి గట్టున కూర్చుని చూసినదీ, కోచ్‌లు పిల్లలకు చెబుతుండగా విన్నదీ తప్ప నాకు వేరే పాండిత్యం లేదు.

అన్నిటికంటే ఎక్కువగా జారే బంతి కష్టమైన బంతి కాదు, ఎనిమిది పది యార్డుల దూరంలో నేరుగా ఛాతీకి వచ్చే సులువైన బంతి. రిసీవర్ మూడడుగులు ముందుకు వేసి లోపలికి కోసుకుని వస్తాడు. బంతి అప్పటికే గాలిలో ఉంటుంది. అతడి చూపు బంతి మీదే ఉంటుంది గానీ, అది చేతులను తాకడానికి రెప్పపాటు ముందు, ఎదురుగా వస్తున్న సేఫ్టీ (వెనక కాపు కాసే డిఫెండర్) ఎక్కడున్నాడో చూసుకోవడానికి కళ్లు పక్కకు పోతాయి. ఆ రెప్పపాటులో వేళ్లు బిగుసుకుంటాయి. బంతి వేళ్ల చివరలకు బదులు అరచేతి కింది భాగానికి తగులుతుంది. సరిగా పట్టిన బంతికి దాదాపు చప్పుడే ఉండదు, జారే బంతి మాత్రం చప్పట్లు కొట్టినట్టు వినిపిస్తుంది. కొంతకాలం చూశాక, బంతి నేలకు తగలకముందే ఆ చప్పుడును బట్టి అది జారిందని చెప్పేయవచ్చు.

ఛాతీకి పైన వచ్చే బంతికి బొటనవేళ్లు రెండూ కలిసి ఉండాలి, నడుముకు కింద వచ్చేదానికి చిటికెనవేళ్లు రెండూ కలిసి ఉండాలి. ఈ రెండింటి మధ్య, సరిగ్గా బొడ్డు దగ్గరకు వచ్చే బంతికి చేతులను ఎటు తిప్పాలో నిర్ణయించుకునే సమయం ఉండదు. చూసేవారికి అది అందరికంటే తేలికైన క్యాచ్‌లా కనిపిస్తుంది, అందుకే అది జారితే స్టేడియమంతా తల పట్టుకుంటుంది.

పట్టుకోకముందే పరుగు మొదలుపెట్టాలన్న ఆత్రం వల్ల జారేవి కొన్ని ఉంటాయి. బంతిని పట్టిన తరువాత ఎక్కువ దూరం పరుగెత్తగలవారికే ఈ జబ్బు ఎక్కువ. వీరి డ్రాప్స్‌ను మాత్రమే లెక్కపెట్టి, ఆ పరుగు వల్ల వచ్చిన యార్డులను పక్కన పెడితే వారికి అన్యాయం చేసినట్టే.

ఇంకొక విషయం ఏ లెక్కలోనూ కనిపించదు. మైదానం మధ్యలోకి వచ్చిన బంతి కోసం చేతులు పూర్తిగా చాస్తే పక్కటెముకల మీద దెబ్బ తప్పదు. ధైర్యవంతుడు చేతులు చాస్తాడు, దెబ్బ తగులుతుంది, బంతి జారుతుంది, అతడి ఖాతాలో ఒక డ్రాప్ పడే అవకాశం ఉంటుంది. దెబ్బకు వెరచినవాడు చేతులను సగం మాత్రమే చాచి, బంతి తనకు అందలేదన్నట్టు నటిస్తాడు. అతడి వేళ్లకు బంతి తగలలేదు కాబట్టి డ్రాప్ కూడా పడదు. మీ మిత్రుని జాబితాలో ఇతడే పైన ఉంటాడు.

పరిస్థితులు కూడా చూడాలి. కౌబాయ్స్ ఆడే మన ఆర్లింగ్టన్ స్టేడియంలో మధ్యాహ్నం ఆలస్యంగా మొదలయ్యే మ్యాచ్‌లలో పడమటి అద్దాల గుండా ఎండ నేరుగా ఎండ్‌జోన్‌లో పడుతుంది. 2024 నవంబరు 10న ఈగిల్స్‌తో మ్యాచ్‌లో ల్యాంబ్‌కు ఎండ్‌జోన్‌లోకి వచ్చిన బంతి ఆ ఎండలో కనిపించనే లేదు. పరదాలు వేయమని అడిగితే యజమాని జెర్రీ జోన్స్ అంగీకరించలేదు. ఇటువంటివి ఏ పద్దులో రాయాలి?


సమాధానం — పాత నైనర్స్ అభిమాని

డ్రాప్స్ గురించిన చర్చ రిసీవర్ టెరెల్ ఓవెన్స్ ప్రస్తావన లేకుండా ముగియకూడదు. 1999 జనవరి 3న 49ఎర్స్ (నైనర్స్) జట్టు గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఆడిన వైల్డ్ కార్డ్ (ప్లేఆఫ్స్ మొదటి రౌండు) మ్యాచ్‌లో ఓవెన్స్ ఆ రోజంతా బంతులు వదిలేస్తూనే ఉన్నాడు, ఒకసారి పట్టిన బంతిని పోగొట్టుకుని ఫంబుల్ కూడా చేశాడు. ఆట ముగియడానికి కొన్ని సెకన్లే ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ యంగ్ తడబడి, నిలదొక్కుకుని, ఇద్దరు ముగ్గురు డిఫెండర్ల నడుమకు 25 యార్డుల పాస్ విసిరాడు. అది కూడా ఓవెన్స్ కోసమే. అతడు పట్టుకున్నాడు, 49ఎర్స్ 30–27తో గెలిచారు, అతడు ఏడుస్తూ మైదానం వీడాడు. ఆ రోజు అతడి డ్రాప్ శాతం లెక్కవేస్తే ఆ రాత్రే జట్టు నుంచి తీసేయాలి.

అతడు ఆ తరువాత కూడా మారలేదు. 2006లో డాలస్‌కు ఆడినప్పుడు డ్రాప్స్‌లో లీగ్‌లో ముందున్నవారిలో ఒకడు. అదే ఏడాది 13 టచ్‌డౌన్ క్యాచ్‌లతో లీగ్ మొత్తానికీ మొదటివాడు. ఆ సెప్టెంబరులో కుడిచేతి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్నాడని కూడా గుర్తుంచుకోవాలి. మొత్తం మీద 1,078 క్యాచ్‌లు, 15,934 యార్డులు, 153 టచ్‌డౌన్లు. టచ్‌డౌన్ క్యాచ్‌లలో అతడికి పైన జెర్రీ రైస్, రాండీ మాస్ మాత్రమే ఉన్నారు. 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

ఫిట్జ్‌జెరాల్డ్ దీనికి పూర్తిగా వ్యతిరేక ధ్రువం. 17 సీజన్లలో 1,432 క్యాచ్‌లు పట్టిన అతడి డ్రాప్స్ 29 మాత్రమేనని, అతడు చేసిన టాకిళ్లు (బంతితో పరుగెత్తే ప్రత్యర్థిని పడగొట్టడాలు) అంతకంటే ఎక్కువని ఒక లెక్క బాగా ప్రచారంలో ఉన్నది. ఎవరు లెక్కించారన్న గుమస్తా గారి హెచ్చరికను మనసులో ఉంచుకునే చెబుతున్నాను, అది సుమారు రెండు శాతం. అయితే రిసీవర్ టాకిల్ ఎప్పుడు చేస్తాడు? చాలావరకు తన క్వార్టర్‌బ్యాక్ ఇంటర్‌సెప్షన్ వేసినప్పుడు. కాబట్టి ఆ మురిపెమైన పోలికలో ఒక సగం ఫిట్జ్‌జెరాల్డ్ చేతులను పొగుడుతుంటే, రెండో సగం అరిజోనా క్వార్టర్‌బ్యాక్‌లను తిడుతున్నది.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని నన్నడిగితే, సుదీర్ఘంగా ఆలోచించి, అయిష్టంగానే ఫిట్జ్‌జెరాల్డ్ అంటాను. కానీ అది డ్రాప్స్ వల్ల కాదు. 2008 సీజన్ ప్లేఆఫ్స్‌లో నాలుగు మ్యాచ్‌లలో 546 యార్డులు, ఏడు టచ్‌డౌన్లు సాధించినవాడిని కాదనడం నా వల్ల కాదు.

రైస్ సంగతి కూడా చెప్పాలి. మిసిసిపీలో తాపీమేస్త్రీ అయిన తండ్రికి సాయంగా, అన్నదమ్ములు విసిరిన ఇటుకలను పట్టుకుని పెరిగినవాడు. అటువంటివాడు కూడా 1985లో మొదటి సీజన్‌లో వరుసగా బంతులు జారవిడిచి, సొంత ప్రేక్షకుల చేతనే ఎగతాళి చేయించుకున్నాడు. ఆ తరువాతి చరిత్ర అందరికీ తెలిసినదే: 1,549 క్యాచ్‌లు, 22,895 యార్డులు. తరాల మధ్య డ్రాప్స్ పోల్చేటప్పుడు మరొక చిక్కు కూడా ఉన్నది. రెయిడర్స్ జట్టులో ఫ్రెడ్ బిలెట్నికాఫ్ ఆడిన కాలంలో చేతులకు జిగురు పూసుకుని ఆడేవారు. దాన్ని 1981లో నిషేధించారు. ఇప్పుడు ఆ పనిని చేతి తొడుగులు చేస్తున్నాయి.


సమాధానం — వారాంతపు విమర్శకుడు

పెద్దలందరికీ నమస్కారాలు. మీరంతా కలిసి డ్రాప్‌ను ఏమీ కానిదిగా తేల్చేస్తున్నారు. దానికి నేను ఒప్పుకోను. డ్రాప్స్‌ను కేవలం లెక్కపెట్టడం తప్పు అన్నంత వరకు మీతో ఏకీభవిస్తాను. దేని విలువ ఎంతో తూచకుండా అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఆ లెక్క పనికిరాకుండా పోతున్నది. మొదటి క్వార్టర్‌లో, సొంత 30 యార్డుల గీత దగ్గర, మొదటి డౌన్‌లో జారిన బంతి వల్ల పోయేది ఒక డౌన్, అంటే పది యార్డులు ముందుకు వెళ్లడానికి దొరికే నాలుగు ప్రయత్నాలలో ఒకటి. చివరి క్వార్టర్‌లో, మూడో డౌన్‌లో జారితే, నాలుగోదానిలో సాధారణంగా తన్నేస్తారు కాబట్టి, బంతే ఎదుటివారికి పోతుంది.

క్రికెట్ చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. 1999 ప్రపంచకప్‌లో హెడింగ్లీలో హర్షెల్ గిబ్స్ తొందరపడి బంతిని పైకి విసరబోయి వదిలేసిన క్యాచ్ ఆస్ట్రేలియా కెప్టెన్ స్టీవ్ వా ఇచ్చినది. అప్పటికి అతడి స్కోరు 56, ముగిసేసరికి 120 నాటౌట్. స్కోరుకార్డులో ఆ వదిలేసిన క్యాచ్‌కు ఎక్కడా చోటు లేదు, అయినా పాతికేళ్లు దాటినా ఎవరూ మరచిపోలేదు.

జాకీ స్మిత్ ఉదాహరణ చూడండి. సెయింట్ లూయీ కార్డినల్స్‌కు 15 సీజన్లు ఆడి, కెరీర్‌లో 480 క్యాచ్‌లు పట్టి, రిటైరయ్యాక డాలస్ పిలిస్తే తిరిగి వచ్చినవాడు. 1979 జనవరి 21న మయామిలో, సూపర్ బౌల్ 13లో, మూడో క్వార్టర్‌లో స్టీలర్స్ 21–14తో ముందున్నప్పుడు, పది యార్డుల గీత దగ్గర నుంచి డాలస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ వేసిన బంతి ఎండ్‌జోన్‌లో ఒంటరిగా ఉన్న అతడికి వచ్చింది. కాలు జారింది, బంతి జారింది. సాధారణంగా ఏడు పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్‌కు బదులు మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్న డాలస్, చివరకు 35–31తో, అంటే సరిగ్గా నాలుగు పాయింట్లతో ఓడిపోయింది. చేతికందింది నోటికందలేదంటే ఇదే. బంతి కొంచెం నెమ్మదిగా, కిందికి వచ్చిందని స్టాబాక్ తన వంతు తప్పు ఒప్పుకున్నా, స్మిత్‌కు అది జీవితకాలపు మచ్చ అయింది. 1994లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినా సరే, ఆ పేరు చెబితే మొదట గుర్తొచ్చేది ఆ బంతే. ఇది అన్యాయమని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ బంతి విలువ మిగతా వందల బంతుల విలువతో సమానమని మాత్రం ఎవరూ అనలేరు.

2012 ఫిబ్రవరి 5న ఇండియనాపొలిస్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో పేట్రియట్స్ రిసీవర్ వెస్ వెల్కర్‌కు జరిగినదీ అంతే. ఆ సీజన్‌లో 122 క్యాచ్‌లతో లీగ్‌లో మొదటివాడు. పేట్రియట్స్ 17–15తో ముందున్నారు, ఆటలో సుమారు నాలుగు నిమిషాలు మిగిలి ఉన్నాయి. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ వేసిన బంతి అతడి వెనక భుజం వైపు ఎత్తుగా వచ్చింది. గాలిలోకి ఎగిరి వెనక్కు తిరిగిన అతడి రెండు చేతులకూ తగిలి కింద పడింది. అది పట్టుంటే జయింట్స్‌కు బంతి దక్కేసరికి సమయమే మిగిలేది కాదేమో. దక్కింది కాబట్టి 88 యార్డులు నడిచి, 21–17తో గెలిచారు. ఆ బంతి డ్రాపా, లేక బ్రేడీ గురి తప్పిన పాసా అని ఇప్పటికీ వాదిస్తున్నారు.

ఇటీవలి సంగతి కావాలంటే 2025 జనవరి 19న బఫెలోలో రేవెన్స్ ఆటగాడు మార్క్ ఆండ్రూస్ ఉన్నాడు. ఆట ముగియడానికి 1 నిమిషం 33 సెకన్లు ఉండగా, టచ్‌డౌన్ తరువాత స్కోరు సమం చేసే రెండు పాయింట్ల ప్రయత్నంలో లామార్ జాక్సన్ వేసిన బంతిని అతడు వదిలేశాడు. రేవెన్స్ 27–25తో ఇంటిదారి పట్టారు. ఆ సీజన్‌లో 11 టచ్‌డౌన్లు పట్టిన టైట్ ఎండ్ (లైన్ దగ్గర నిలబడే భారీ రిసీవర్) అతడు. శాతం లెక్కలో అది ఒకే ఒక్క డ్రాప్. గుమస్తా గారూ, మీ శాతాలు ఆ ఒక్కదాన్ని ఎలా తూస్తాయి?


ప్రశ్నకర్త — ఫ్రిస్కో వాసి

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలను మా బృందానికి చదివి వినిపించాను. జాబితా తయారుచేసిన మిత్రుడు చేతులు చాచని రిసీవర్ సంగతి విని కొంత మెత్తబడ్డారు గానీ, మరొక ప్రశ్న వేశారు. సరే, మొత్తం సంఖ్య వద్దు, సరైన శాతమే చూద్దాం. ఈ ఏడాది ఎక్కువ శాతం బంతులు వదిలేసినవాడు వచ్చే ఏడాది కూడా వదిలేస్తాడు కదా, కాబట్టి ఫాంటసీ లీగ్‌లో (నిజమైన ఆటగాళ్ల గణాంకాలతో ఆడే ఊహా జట్ల పోటీలో) అతడిని తీసుకోకపోవడమే మంచిది కదా అని ఆయన వాదన. దీనికి ఏం చెప్పమంటారు?


సమాధానం — గణాంకాల గుమస్తా

ముందు విమర్శకుడి గారికి: ఆ ఒక్కదాన్ని నా శాతాలు తూచలేవు. దాని విలువ తెలియాలంటే ఆ డ్రాప్‌కు ముందు, తరువాత జట్టు గెలిచే అవకాశం ఎంత మారిందో చూడాలి. అది ఆ మ్యాచ్‌కు ఏం నష్టం జరిగిందో చెబుతుంది. ఆండ్రూస్ చేతులు ఎటువంటివో చెప్పదు. జరిగిన నష్టం, ఆటగాడి నైపుణ్యం అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. ఈ చర్చలో సగం గొడవ ఒకరు మొదటిదానికి జవాబు చెబుతుంటే మరొకరు రెండోదానికి చెప్పడం వల్ల వస్తున్నదే.

ఇక మీ మిత్రుని ప్రశ్న. ఒక రిసీవర్ అసలు స్వభావం నూటికి ఐదు జారవిడవడమే అనుకుందాం. సీజన్‌లో అతడికి పట్టదగిన బంతులు 100 వచ్చాయి. కచ్చితంగా ఐదే జారతాయా? జారవు. సంభావ్యత సూత్రం ప్రకారం, ఇంచుమించు ఎనిమిది సీజన్లలో ఒకదానిలో రెండో అంతకంటే తక్కువో జారతాయి. అప్పుడు పత్రికలు అతడి చేతులను బంగారు చేతులంటాయి. అలాగే ఎనిమిదింట ఒక సీజన్‌లో ఎనిమిదో అంతకంటే ఎక్కువో జారతాయి. అప్పుడు వదిలించుకోవాలని అభిమానులు గోల చేస్తారు. మనిషి అదే మనిషి. వంద బంతులన్నవి చేతుల గురించి తీర్పు చెప్పడానికి చాలా తక్కువ. అందుకే ఒక ఏడాది డ్రాప్ శాతం మరుసటి ఏడాదికి అంత గట్టిగా కొనసాగదు. టార్గెట్లు మాత్రం బాగా కొనసాగుతాయి.

డావాంటే ఆడమ్స్‌ను చూడండి. 2015లో 50 క్యాచ్‌లు, 483 యార్డులు, ఒకే ఒక్క టచ్‌డౌన్; బంతులు వదిలేస్తాడన్న పేరు స్థిరపడిపోయింది, గ్రీన్ బేలో అతడిని భరించలేమన్నవారు తక్కువేమీ కాదు. మరుసటి ఏడాది 997 యార్డులు, 12 టచ్‌డౌన్లు. 2020లో 18 టచ్‌డౌన్ క్యాచ్‌లతో లీగ్‌లో మొదటివాడు. జమార్ చేజ్ 2021లో సిన్సినాటీకి వచ్చిన కొత్తలో, సీజన్‌కు ముందు మ్యాచ్‌లలో వరుసగా వదిలేశాడు. కాలేజీ బంతి మీద ఉండే తెల్లని పట్టీలు ఎన్‌ఎఫ్‌ఎల్ బంతి మీద ఉండవు కాబట్టి దాని తిరుగుడును కంటితో పట్టుకోవడం కష్టంగా ఉన్నదని అతడు చెబితే అందరూ నవ్వారు. ఆ సీజన్‌లో అతడు సాధించినది 1,455 యార్డులు, 13 టచ్‌డౌన్లు. దాడి విభాగంలో ఉత్తమ నవ ఆటగాడి బహుమతి కూడా అతడికే వచ్చింది. ఆగస్టు నెల డ్రాప్స్ చూసి ఫాంటసీ లీగ్‌లో అతడిని వదిలేసినవారు డిసెంబరు దాకా ఆ సంగతి మాట్లాడలేదు.

ఫాంటసీ లీగ్ సంగతి వచ్చింది కాబట్టి: మామూలు పద్ధతిలో డ్రాప్‌కు పాయింట్లు తగ్గించరు. క్వార్టర్‌బ్యాక్ అతడికి బంతి వేస్తూనే ఉన్నాడా అన్నదొక్కటే మీరు చూడవలసినది.

ఇద్దరిని పోల్చక తప్పదంటే, ఒకే సంస్థ లెక్కను తీసుకోండి, కనీసం మూడు సీజన్లు కలపండి, క్యాచ్‌లు డ్రాప్స్ కలిసిన మొత్తంతో భాగించండి, సగటున ఎంత దూరంలో వారికి బంతి వస్తున్నదో పక్కన రాసుకోండి. లైన్ దగ్గర నిలబడి పొట్టి పాస్‌లు అందుకునేవాడినీ, 15 యార్డుల అవతల భుజం మీదుగా వచ్చే బంతులను వెంటాడేవాడినీ ఒకే వరుసలో పెట్టకండి. ఇంత చేశాక కూడా ఇద్దరి మధ్య తేడా ఒకటి రెండు శాతమే ఉంటే, నేనైతే తేడా లేదనే అంటాను.


సమాధానం — హైస్కూలు రిసీవర్ తండ్రి

గుమస్తా గారు అదృష్టం అన్నదాన్ని కాదనను గానీ, డ్రాప్స్‌లో కొంత భాగం సాధనతో నిజంగానే బాగుపడుతుంది. పిట్స్‌బర్గ్‌లో డయాంటే జాన్సన్ 2020లో లీగ్‌లోనే ఎక్కువ డ్రాప్స్ చేసినవారిలో ఒకడు. ఆ డిసెంబరులో బఫెలో మ్యాచ్‌లో రెండు బంతులు జారవిడిచాక కోచ్ అతడిని కాసేపు పక్కన కూర్చోబెట్టాడు కూడా. ఆ తరువాతి వేసవిలో అతడు టెన్నిస్ బంతులతో చేతులకు, కళ్లకు సాధన చేశాడు. 2021లో 107 క్యాచ్‌లు పట్టాడు, డ్రాప్స్ బాగా తగ్గాయి. ఇది సాధన ఫలమా, మీరు చెప్పిన ఎనిమిదింట ఒకటా అని అడిగితే నా దగ్గర రుజువు లేదు. మా అబ్బాయికి మాత్రం టెన్నిస్ బంతులు కొనిపెట్టాను.


సమాధానం — వారాంతపు విమర్శకుడు

గుమస్తా గారి రెండు ప్రశ్నల విభజనను అంగీకరిస్తున్నాను. అయితే జరిగిన నష్టాన్ని ఎవరి ఖాతాలో రాస్తున్నామన్నది కూడా చూడండి. 2023 సెప్టెంబరు 7న, సీజన్ మొదటి మ్యాచ్‌లో, చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ వేసిన బంతి రిసీవర్ కడేరియస్ టోనీ చేతుల గుండా జారి నేరుగా లయన్స్ డిఫెండర్ బ్రయన్ బ్రాంచ్ చేతుల్లో పడింది. అతడు 50 యార్డులు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. చీఫ్స్ 21–20తో లయన్స్ చేతిలో ఓడారు. అధికారిక పుస్తకంలో అది మహోమ్స్ ఇంటర్‌సెప్షన్. టోనీ పేరు పక్కన పూర్తికాని ఒక టార్గెట్ తప్ప మరేమీ లేదు. డ్రాప్స్ లెక్క లోపభూయిష్టమే కావచ్చు. అది కూడా లేకపోతే నేరం ఒకరిది, శిక్ష మరొకరిది అవుతుంది.

అదే జట్టులో మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్ ఆ నవంబరు 20న ఈగిల్స్ మీద, ఆట చివర్లో, ముందంజ వేయించే టచ్‌డౌన్ కాగలిగిన పొడవైన బంతిని రెండు చేతులతో వదిలేశాడు. చీఫ్స్ 21–17తో ఓడిపోయారు. ఆ రాత్రి అతడిని తిట్టనివారు లేరు, వారిలో నేనూ ఉన్నాను. 2024 జనవరి 28న బాల్టిమోర్‌లో ఏఎఫ్‌సీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో చీఫ్స్ 17–10తో ముందున్నారు, రెండు నిమిషాలకు పైగా మిగిలి ఉన్నాయి, మూడో డౌన్, తొమ్మిది యార్డులు కావాలి. పరుగుతో సమయం తినేయవచ్చు. మహోమ్స్ మాత్రం వాల్డెస్-స్కాంట్లింగ్‌కే, పైనుంచి, పొడవైన బంతి వేశాడు. అతడు వెల్లకిలా పడుతూ పట్టుకున్నాడు, 32 యార్డులు వచ్చాయి, రేవెన్స్‌కు మళ్లీ బంతి దక్కలేదు.